మెరక ఎకరం

మా ఊరి సచివాలయం గోడకు రెండు కాగితాలు అంటించారు. మొదటిది కాలేజీ ఫీజు పథకానికి అర్హుల జాబితా, రెండోది అనర్హులది. మా అమ్మాయి శ్రీదివ్య పేరు రెండో దాంట్లో ఉంది.

అనర్హుల్లో పదకొండు పేర్లున్నాయి. ప్రతి పేరు పక్కనా కారణం రాశారు. ఒకరింట్లో కారుంది. ఒకరికి కరెంటు నెలకు మూడు వందల యూనిట్లు దాటింది. ఒకరి అన్న గవర్నమెంటు ఉద్యోగి. మా అమ్మాయి పేరుకెదురుగా ‘మాగాణి 4.00 ఎ.’ అని ఉంది.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. అయినా కంటబడ్డ అక్షరాన్ని చదవకుండా వదలను. పురుగుమందు సీసా మీద సన్నగా వేసినవి కూడా ఎండకు పెట్టి చదువుతాను. ఆ కాగితాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. కారు, కరెంటు, ఉద్యోగం అర్థమయ్యాయి. మాదే అర్థం కాలేదు.

లోపల మాధవీలత కూర్చుని ఉంది. చదువుల పథకాలు చూసే ఉద్యోగి ఆమె. పొన్నూరు పిల్ల, రెండేళ్ళ కిందట మా ఊరికి వేశారు.

“అమ్మా, నాలుగెకరాలుంటే ఫీజు రాదా?”

“నాలుగెకరాలుంటే వస్తదండి బాబాయి గారూ. మాగాణి నాలుగెకరాలుంటే రాదు. మాగాణి మూడెకరాల లోపుండాలి. మెట్టయితే పదెకరాల దాకా పర్లేదు. రెండూ ఉంటే కలిపి పది దాటకూడదు.”

“మేం వేసేది మిర్చీ, పత్తీ గదమ్మా. వరి వేసిందే లేదు.”

“మీరేం వేశారో కంప్యూటరు అడగదండి. భూమి రికార్డులో ఏముందో అదే లాక్కుంటది.” ఆమె తెర నా వైపు తిప్పింది. నా పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పక్కనే మాగాణి. “మా పొన్నూరు వైపు మాగాణంటే మోకాలి లోతు నీళ్ళండి. ఇక్కడ మాగాణిలో మిర్చి ఎర్రగా ఆరబోస్తంటే కొత్తలో నాకే ఆశ్చర్యమేసింది.”

ఆమె ఒక ఫారం తీసి ఇచ్చింది.

“ఇవాళ శుక్రవారం. వచ్చే శుక్రవారం దాకా అభ్యంతరం పెట్టుకోవచ్చు. ఊరికే రాసిస్తే తీసిపారేస్తారండి. రికార్డు తప్పని ఆధారం ఉండాలి.”

“ఎట్టాంటి ఆధారం?”

“అది నాకూ తెలీదు బాబాయి గారూ. ఇంతకుముందు ఎవరూ తేలేదు.”

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. ఎవరూ తేని ఆధారం ఎట్లా ఉంటుందో అని దారి పొడుగునా ఆలోచించాను.

శ్రీదివ్యకు గుంటూరు దగ్గర కాలేజీలో బీటెక్ సీటు వచ్చింది. ఎలక్ట్రికల్. మందు కొట్టే బ్యాటరీ పంపు చెడిపోతే ఇంట్లో బాగుచేసేది ఆ పిల్లే. ర్యాంకుకు వచ్చిన సీటు గనుక ఫీజు ప్రభుత్వం కడుతుందనే ధైర్యంతో చేర్చాం. ఆదాయం సర్టిఫికెట్టు, రేషన్ కార్డు, తల్లీ కూతుళ్ళ పేరున బ్యాంకు ఖాతా అన్నీ పెట్టాం. నెలాఖరుకు అర్హుల్లో పేరు లేకపోతే డెబ్బై వేలు మేమే కట్టాలి, లేదా సీటు వదులుకోవాలి అని కాలేజీ వాళ్ళు సంతకం పెట్టించుకున్నారు. నిరుడు నల్ల తామర పురుగు మిర్చిని పూతలోనే తినేసింది. కట్టే దారి మాకు లేదు. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు గనుక ఎవరం పైకి అనుకోలేదు.

రెండో శనివారం సెలవని శ్రీదివ్య ఆ రాత్రికే హాస్టలు నుంచి వచ్చింది. కాగితం సంగతి చెప్పాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. అన్నం కలుపుకుంటూ అడిగింది.

“నాన్నా, మన చేనుకి కాలవ నీళ్ళు ఎప్పుడొచ్చినయ్?”

“నువ్వు మూడో తరగతిలో ఉండగా వచ్చినయ్. ఆ ఒక్క యేడే.”

“తర్వాత?”

“రాలా.”

“మరి ఎక్కడ దాకా వస్తన్నయ్?”

నాకు తెలియదు. సాగర్ కుడి కాలువ కింద చివరి ఊళ్ళలో మాదొకటి. మా పిల్లకాలువ గట్టు మీద రోజూ నడుస్తాను. ఏటా నీళ్ళు వదిలారని విన్నప్పుడు మా తూము దగ్గర నిలబడి పైకి చూస్తాం. నాలుగు రోజులు చూసి ఇంటికొస్తాం. పైకి నడిచి వెళ్ళి, నీళ్ళు ఎక్కడ ఆగాయో చూసినవాడు మా ఊళ్ళో లేడు.

“రేపు చూద్దామా?” అంది.

మా ఆవిడ వెంకటరావమ్మ కంచం తీస్తూ గయ్యిమంది. “పత్తి తీయను మనుషులు దొరక్క నేనొక్కదాన్ని నడుం విరగ్గొట్టుకుంటంటే తండ్రీ కూతుళ్ళు కాలవ చూడబోతారా? చూడటానికి అదేమన్నా నిన్న పుట్టిందా?”

అయినా పొద్దున్నే రెండు సీసాల నీళ్ళూ పెరుగన్నం మూటా ఆమే ఇచ్చింది.

మా తూము దగ్గర మొదలుపెట్టాం. కాలువలో సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగింది. ఒక ఫర్లాంగు పోయాక ఎవరో కాలువ అడుగునే దున్ని జొన్న చల్లారు. కంకి పాలు పోసుకుంటోంది. ఆ పైన కొంత మేర శుభ్రంగా ఉంది, ఎవరో కల్లం చేసుకుని చీపురుతో ఊడ్చుకున్నారు. శ్రీదివ్య ప్రతి చోటా ఆగి ఫోనులో ఫొటో తీసింది. నేను తూముల నంబర్లు చదువుకుంటూ నడిచాను. పదిహేడు, పదహారు, పదిహేను. పద్నాలుగో నంబరు మీద గోరింట మొక్క మొలిచి అంకెను కప్పేసింది.

మూడు గంటలు నడిచాక మట్టి రంగు మారింది. నెర్రెలు సన్నబడ్డాయి. ఇంకొంచెం పోతే చెప్పు అతుక్కుంది. తెల్ల కొంగలు నాలుగు కనిపించాయి. తొమ్మిదో తూము దగ్గర నీళ్ళున్నాయి. చీలమండ లోతు. వాటిలోకే మూడు పైపులు దించి పైనున్న రైతులు ఇంజన్లతో తోడుకుంటున్నారు. అక్కడితో అయిపోయాయి.

“ఇంతేనా?” అంది శ్రీదివ్య.

“ఇంతే.”

ఆ పిల్ల వంగి నీళ్ళలో చెయ్యి పెట్టి చూసింది. నాకూ పెట్టాలనిపించి పెట్టాను.

గట్టు మీద వేపచెట్టు కింద ఒక పెద్దమనిషి మంచం వేసుకుని మమ్మల్నే చూస్తున్నాడు. దగ్గరికి పోతే అలీ సాహెబ్. ముప్ఫయ్యేళ్ళు ఈ కాలువ మీద లస్కరుగా చేశాడు. తూములు ఎత్తడం, దించడం, ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకివ్వడం ఆయన పని. రిటైరయ్యాక కూడా గట్టు వదల్లేదు.

“ఎవురూ, ఆదెయ్య కొడుకువా? నీళ్ళు వెతుక్కుంటా ఇంత దూరం వచ్చావేంది అల్లుడూ?”

“చూద్దామని వచ్చాం మామా.”

శ్రీదివ్య సంగతంతా చెప్పింది. ఫొటోలు చూపించింది. ఆయన ఫోను దూరంగా పట్టుకుని ఒక్కో ఫొటో చూశాడు, జొన్న చేను దగ్గర నవ్వాడు.

“ఈ ఫొటోలకి ఎవుడూ రికార్డు మార్చడమ్మా. కాలవలో నీళ్ళు లేవంటే, ఈ యేడు లేకపోతే వచ్చే యేడు వస్తయ్ పో అంటారు. నీళ్ళొచ్చినా ఎక్కని చోటు ఏదన్నా ఉందా, అది చూసుకోండి. ఉంది మీకు.”

“యాడ?” అన్నాను.

“నీకు తెలీనట్టు అడుగుతావేంది? ఆ రోజు నేనక్కడే ఉన్నా గదా. చెట్టు కింద బల్లేసుకుని ఆఫీసరు గారు మాగాణి రాస్తన్నాడు. ‘మీ నాలుగెకరాలూ మొత్తం పారుతయ్యా’ అని అడిగాడు. నువ్వు ‘మొత్తం పారుతయ్’ అన్నావు. మీ నాన్న పక్కకి తిరిగి నిలబడ్డాడు. ఆయనకి తెలుసు, తూర్పు మూల ఎక్కదని.”

శ్రీదివ్య నా మొహంలోకి చూసింది. నిన్నటి నుంచి ఈ మాట నా నోట రాలేదు.

“నువ్వే రాయించావా నాన్నా?”

“నేనే.”

“ఎందుకు?”

పదిహేనేళ్ళ కిందటి మాట. అంతకుముందు మా చేలన్నీ మెట్టే. కాలువ పొడిగించారు, ఆయకట్టు రాస్తారు అనగానే ఊరంతా కదిలింది. మెట్ట రైతు అనిపించుకోవడం ఎవరికిష్టం? మాగాణి అని రాస్తే బ్యాంకులో ఒక మర్యాద, అమ్మబోతే ఒక ధర. అందరూ ఉన్నదంతా రాయించారు. చెరువు గట్టును కూడా రాయించినవాడున్నాడు. నేను ఒక ఎకరం వదిలేసి మిగతాది రాయిస్తే నన్ను వెర్రివాడంటారనుకున్నాను.

ఇంత చెప్పలేకపోయాను. “అందరూ రాయించారమ్మా” అన్నాను.

ఆ పిల్ల కాసేపు కాలువలోకి చూసింది. “తూర్పు మూల ఎంతుంటది?” అని అడిగింది. కోపంగా అడగలేదు. లెక్క చూస్తోందని తెలిసింది.

“ఎకరం పైన.”

“నాలుగులో ఎకరం పోతే మూడు. మూడుకి లోపుండాలన్నారు. పైన ఎంత?”

“కొలవాలి.”

“కొలుద్దాం,” అని లేచింది.

అలీ సాహెబ్ మంచం మీద నుంచే కేకేశాడు. “అల్లుడూ, మీ తూము సిమెంటు మీద నల్లటి చార ఉంటది చూడు. కాలవ నిండుగా పారిన యేడు నీళ్ళు అక్కడ దాకా నిలబడినయ్. అంతకుమించి ఆ కాలవలో నీళ్ళు నిలవవు. ఆ చార నుంచి మట్టం పట్టుకో. ఆఫీసరు అడిగితే నా పేరు చెప్పు, వచ్చి సాక్ష్యం చెప్తా.”

ఆదివారం పొద్దున ప్రేమదాసు మేస్త్రి దగ్గర మట్టం పైపు అడిగి తెచ్చాను. అరవై అడుగుల తెల్ల పైపు. దాన్నిండా నీళ్ళు పోసి రెండు కొసలూ ఎత్తి పట్టుకుంటే రెండు వైపులా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఇళ్ళ పునాదులకు వాళ్ళు అట్లాగే చూసుకుంటారు. చేనుకు పట్టి చూసినవాడున్నాడని నేను వినలేదు. శ్రీదివ్య నీళ్ళలో కాస్త పసుపు కలిపింది, దూరం నుంచి కనబడాలని.

తూము చుట్టూ పొదలు కొట్టేస్తే చార కనబడింది. వేలెడు వెడల్పున, నల్లగా, గీత గీసినట్టుంది. ఒక కొస నేను చార దగ్గర పట్టుకున్నాను. రెండో కొస పట్టుకుని శ్రీదివ్య చేలోకి నడిచింది. పసుపు నీళ్ళు కదలడం ఆగాక అక్కడ ఒక కర్ర పాతి, మట్టం దగ్గర గుర్తు పెట్టింది. గుర్తు నేలకు మూరెడు ఎత్తున ఉంది. అంటే అక్కడ మూరెడు నీళ్ళు నిలబడగలవు. ఇక నా కొసను ఆ గుర్తుకు పట్టుకుంటే, అక్కడి నుంచి ఇంకో పైపు దూరం ముందుకు పోవచ్చు.

రెండో కర్ర పాతుతుండగా మా పక్క చేను కోటేష్ వచ్చాడు. వరసకు నాకు బావ.

“ఏం బావా, మిరప చేలో మేడ కడతన్నావా?”

చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

“మెట్ట రాయించుకుంటావా? మతి ఉండే మాట్లాడతన్నావా? ఇయాల నువ్వు ఎకరం తీయిస్తావు, రేపు ఇంకోడు తీయిస్తాడు. ఈ కాలవ కింద ఆయకట్టు లేదని బాగుచేయటం మానేస్తారు. అప్పుడు మా నోట్లో మట్టేగా?”

“ఇప్పుడు బాగుచేస్తన్నారా?”

“చెయ్యరు. చేస్తారనేగా ఆశ!”

“మావయ్యా, తూర్పు మూలకి నీళ్ళెక్కుతయ్యా?” అని శ్రీదివ్య అడిగింది.

“ఎందుకెక్కవూ? మాగాణికి నీళ్ళెక్కకపోవడమేంది?”

“మీ చేను పక్కనేగా. ఆ యేడు ఎక్కినయ్యా?”

కోటేష్ ఆలోచించాడు. “ఆ యేడు నేను గుంటూరు ఆసుపత్రిలో ఉన్నా, మా నాన్నకి బాగోలేక.”

“అయితే మీరూ చూళ్ళేదు. ఈ కొస పట్టుకోండి, చూద్దాం.”

అతను పట్టుకోడనుకున్నాను. పిల్ల చెయ్యి చాచి అట్లాగే నిలబడేసరికి తువ్వాలు భుజాన వేసుకుని పట్టుకున్నాడు. పట్టుకున్నాక మనిషి మారిపోయాడు. “కదపబాకు! ఆగనీ! నీళ్ళు ఊగుతన్నయ్!” అని నా మీదే అరవడం మొదలుపెట్టాడు.

మూడో కర్ర దగ్గర గుర్తు జానెడు ఎత్తులో ఉంది. నాలుగో దగ్గర నాలుగు వేళ్ళు. మిరప కొమ్మలు విరక్కుండా సాళ్ళ మధ్య అడ్డంగా నడుస్తున్నాం. ఈ మధ్యే పూత మొదలైంది. అయిదో కర్ర దగ్గర శ్రీదివ్య నేల మీద చతికిలబడింది. గుర్తు పెట్టడానికి కర్ర అక్కర్లేకపోయింది. మట్టం సరిగ్గా మట్టి మీద ఉంది.

“ఇక్కడికి ఆఖరు,” అంది.

“ఆగాగు. ఇంకా పైకి పోయి చూడాల్సిందే,” అన్నాడు కోటేష్.

పైకి పోయాం. అక్కడ పైపు కొసను నేలకు ఆనించినా పసుపు నీళ్ళు కనబడలేదు, లోపలికి జారిపోయాయి. కోటేష్ పరుగెత్తుకెళ్ళి గుణపం తెచ్చాడు. మొక్కల మధ్య గుంట తవ్వాడు. జానెడు తవ్వాక గరపమట్టి వచ్చింది. మూరెడు తవ్వాక కొసను గుంటలోకి దించితే అప్పుడు నీళ్ళు పైకొచ్చి నిలబడ్డాయి. అతను బోర్లా పడుకుని గుంటలోకి చూశాడు.

“ఓరి నీ! ఈడికి నీళ్ళు రావాలంటే చేనుని మూరెడు కిందికి దించాల!”

శ్రీదివ్య పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నా దృష్టి మొక్కల మీదికి పోయింది. అయిదో కర్రకు ఇవతల మిరప మోకాలెత్తు ఉంది, అవతల జానెడు పొట్టిగా, ఆకు ముడుచుకుని ఉంది. ప్రతి యేడూ అంతే. విత్తనం తేడా అనుకుని కంపెనీలు మార్చాను. మందు తేడా అనుకుని మందులు మార్చాను. ఆ గుంటలో మట్టి తీసి చేతిలో నలిపి చూశాను. నీరు పట్టని మట్టి. పదిహేనేళ్ళు దాని మీదే నడిచాను.

చేను అటు కొస నుంచి ఇటు కొస దాకా అట్లాగే పట్టి చూసి, ముగ్గు తెచ్చి మట్టం నేలకు తగిలిన చోట్ల మీదుగా గీత పోశాం. సాళ్ళకు అడ్డంగా, వంకరగా వచ్చింది. టేపుతో కొలిచి శ్రీదివ్య ఫోనులో లెక్క కట్టింది. గీతకు అవతల ఎకరం ఇరవై రెండు సెంట్లు. మళ్ళీ కొలిచాం. ఎకరం ఇరవై. తక్కువ వచ్చిందే రాసుకున్నాం.

సోమవారం ఆ పిల్ల కాలేజీకి వెళ్ళిపోయింది. నేను ఫారం నింపి మాధవీలతకు ఇచ్చాను. కారణం రాయాల్సిన చోట నాలుగే గీతలున్నాయి. ‘నా నాలుగెకరాల్లో తూర్పు మూల ఎకరం ఇరవై సెంట్లు కాలువ నీటి మట్టం కన్నా మెరక. నీళ్ళు ఎక్కవు. పదిహేనేళ్ళ కిందట నేనే మొత్తం పారుతుందని చెప్పి రాయించాను. అది తప్పు. వచ్చి చూడగలరు.’ ఆమె చదివి తలెత్తింది.

“మీరే తప్పు చెప్పారని రాశారేంటండి?”

“చెప్పాను గదమ్మా.”

“దీని మీద ఏదన్నా అంటారేమో.”

“అంటే అననీ. నిజం గదా.”

ఆమె ఫారంతో పాటు శ్రీదివ్య తీసిన ఫొటోలు ఎక్కించింది. అందులో పసుపు నీళ్ళ పైపు పట్టుకుని కోటేష్ నోరు తెరిచి చూస్తున్న ఫొటో ఉంది.

బుధవారం వీఆర్వో సురేంద్ర వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళ కుర్రాడు, బండి మీద వచ్చి గట్టు మీదే నిలబడి “ఏది చూపించండి” అన్నాడు. నేనూ కోటేషూ పైపు పట్టగానే చెప్పులు విడిచి చేలోకి దిగాడు. ఒక్కో కర్ర దగ్గర తనే కూర్చుని చూశాడు. చివర గుంటలోకి చెయ్యి పెట్టి మూర కొలుచుకున్నాడు. అలీ సాహెబ్‌ను ఆయన మనవడు బండి మీద తీసుకొచ్చాడు. ఆయన తూము మీద చార చూపించి, ఆ యేడు నీళ్ళు ఎన్ని రోజులు అంతవరకు నిలబడ్డాయో తేదీలతో సహా చెప్పాడు. సురేంద్ర రాసుకున్నాడు.

రాయడం అయ్యాక కలం మూయకుండా నా వైపు చూశాడు.

“రోశయ్య గారూ, ఒకసారి ఆలోచించుకోండి. ఇది తాసిల్దారు గారు ఒప్పుకుంటే ఈ ముక్క మళ్ళీ మాగాణి అవదు. కాలవకి నీళ్ళొచ్చినా ఈ ఎకరానికి వాటా అడగలేరు. అమ్ముకున్నా మెట్ట ధరే. ఫీజు నాలుగేళ్ళు. భూమి ఎప్పటికీ.”

ఆ మాటకు కోటేష్ కూడా నా వైపు చూశాడు. నేను తూర్పు మూల వైపు చూశాను. మా నాన్న పక్కకు తిరిగి నిలబడ్డాడన్న మాట గుర్తొచ్చింది. ఆయన అప్పుడు చెప్పి ఉంటే వినేవాణ్ణో లేదో. వినేవాణ్ణి కాననుకుంటాను.

“అది మొదట్నించీ మాగాణి కాదు గదండి,” అన్నాను. సంతకం పెట్టాను.

సాక్షులు ఇద్దరు కావాలి. అలీ సాహెబ్ పెట్టాడు. కోటేష్ కలం తీసుకుని ఆగాడు.

“బావా, ఒక మాట. రేపు నీళ్ళొస్తే ఆ ముక్కకి ఇంజను పెట్టి ఎక్కించుకోవు గదా? మెట్టని రాయించుకుని మా నీళ్ళు తోడితే ఊరుకోను.”

“పెట్టను.”

“సురేంద్ర గారూ, అది కూడా రాయండి.”

సురేంద్ర రాశాడు. కోటేష్ ఆ వాక్యం కింద వేలు పెట్టి పైకి చదువుకుని, అప్పుడు సంతకం పెట్టాడు.

శుక్రవారానికి కాగితాలు మండలానికి వెళ్ళాయి. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పేవాళ్ళు లేరు. మాధవీలతను రెండుసార్లు అడిగాను. “తాసిల్దారు గారి లాగిన్‌లో ఉందండి” అంది. లాగిన్ అంటే ఏంటని అడిగాను. తెర మీద చూపించింది, ఒక కాగితం ఎవరి బల్ల మీద ఎన్ని రోజులుందో అందులో కనబడుతుంది. నాకు అది బాగా నచ్చింది. రోజూ సాయంత్రం వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. నాలుగు రోజులు ఒకే చోట ఉంది. అయిదో రోజు కదిలింది.

నెలాఖరుకు మూడు రోజుల ముందు మేం పత్తి తీస్తుండగా మా ఆవిడ ఫోను మోగి ఆగింది. మెసేజు. చేతులు తుడుచుకుని చదివాను. మాగాణి 2.80, మెట్ట 1.20, దరఖాస్తుదారు అర్హులు. ఇంకోసారి చదివాను.

“ఏం రాశాడు?” అంది వెంకటరావమ్మ, సాలు మధ్య నుంచి.

“వచ్చింది.”

“వస్తే వచ్చిందని అరవొచ్చుగా! రాయిలాగా నిలబడతావేంది?” ఆమె పత్తి సంచి కింద పడేసి వచ్చింది. చదవలేదు గాని ఫోను తీసుకుని వెలుగు ఆరేదాకా చూసింది. చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పత్తి దుమ్ము పడిందని నాకు చెప్పింది.

అంతలో శ్రీదివ్య ఫోను చేసింది. “నాన్నా, నాకూ వచ్చింది. కాలేజీలో చూపించా, సరేనన్నారు. ఏటేటా మళ్ళీ చూస్తారంట, నాలుగేళ్ళూ.”

“చూడనీ.”

“నువ్వేం చేస్తన్నావు?”

“పత్తి తీస్తన్నా.”

“సరే తియ్యి,” అని నవ్వి పెట్టేసింది.

మేం మళ్ళీ సాళ్ళలోకి వంగాం. కాసేపటికి వెంకటరావమ్మ ఉన్నట్టుండి అంది.

“ఇక ఆ తూర్పు మూల మిరప వెయ్యవుగా?”

“ఏం, ఎందుకెయ్యను?”

“ఇప్పుడది మెట్ట గదా. కంది వేసుకోవచ్చు. పదేళ్ళ నుంచి మొత్తుకుంటన్నా ఆ ముక్కలో కంది వెయ్యమని. ‘మాగాణిలో కందేంది, నలుగురూ నవ్వుతారు’ అని నోరు మూయించావు. మొక్క ఎదగదయ్యా అంటే విత్తనాల వాణ్ణి తిట్టావు.”

“నీకు తెలుసా అక్కడ మొక్క ఎదగదని?”

“కాయ కోసేది నేను గదా! ఆ సాలు కాడికొస్తే నడుం ఇంకా వంచాల. ఏటా వంచుతన్నా.”

నేను నిటారుగా నిలబడి తూర్పు మూల వైపు చూశాను. ముగ్గు గీత మంచుకు సగం కరిగిపోయింది.

“కంది ఎకరానికి ఎన్ని కేజీలు పడతయ్?” అని అడిగాను.

“మూడు చాలు.”

“సాలుకీ సాలుకీ ఎంత ఎడం?”

ఆమె సంచి దించి, పత్తి మొక్కల మధ్య దారి చేసుకుని తూర్పు మూలకు నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. పొట్టి మిరప మొక్కల పక్కన నిలబడి, రెండు పెద్ద అంగలు వేసి, మడమతో మట్టిలో గుర్తు పెట్టి చూపించింది.